ఏడో రొట్టె

ఎసెన్‌కుల్ చెట్టు తొర్రలో చెయ్యి పెట్టాడు. చల్లటి గాజు తగలవలసిన చోట వెచ్చగా, మెత్తగా, కాస్త జిడ్డుగా ఏదో తగిలింది. చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ముప్పై ఏళ్లు కొండదారుల్లో బొగ్గు లారీ తోలిన చెయ్యి అది. ఒకప్పుడు ఆ చేత్తోనే తోడేలు చెవి పట్టుకుని రోడ్డు మీంచి పక్కకు లాగానని చెప్పుకునేవాడు. చెప్పిన ప్రతిసారీ తోడేలు ఓ జానెడు పెరిగేది. అలాంటి చెయ్యి ఇప్పుడు చంకలో దాక్కుంది.

అటూ ఇటూ చూశాడు. కాలువ గడ్డకట్టి ఉంది. గట్టు మీద మనిషన్నవాడు లేడు. కాస్త దూరంలో పశువుల డాక్టరు సాగిన్ గాడిద నిలబడి తననే చూస్తోంది. ఆ చూపు కూడా అతనికి నచ్చలేదు.

మళ్లీ చెయ్యి పెట్టి, ఉన్నదాన్ని బయటికి తీశాడు. తెల్లగుడ్డలో చుట్టిన నూనె రొట్టె. గుండ్రంగా, ఎర్రగా కాలి, అప్పుడే మూకుట్లోంచి తీసినట్టు ఆవిరి కక్కుతోంది. నిన్న సాయంత్రం తాను స్వయంగా దాచుకున్న నిండు వోడ్కా సీసా మాత్రం లేదు. సీసా పోయి రొట్టె వచ్చింది.

ఎసెన్‌కుల్ గుండె జారి మడమల్లో పడింది. ఎందుకు పడదు? పన్నెండు రోజుల కిందటే అతను రొట్టె మీద ప్రమాణం చేశాడు.

ఆ ప్రమాణం సంగతి కోక్-జార్ ఊరంతటికీ తెలుసు. కోక్-జార్ గాలి మాటల్ని మోయడంలో గట్టిది. ఒకసారి ఆ గాలికి ఇమాంగారి టోపీ ఎగిరి పక్క ఊరి మసీదులో దిగితే, అక్కడివాళ్లు మూడు శుక్రవారాలు దాని వెనకే నమాజు చేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. టోపీనే అంత దూరం మోసిన గాలికి మాట ఒక బరువా?

జరిగింది ఇది. ఎసెన్‌కుల్ భార్య అనార్ ఊరి పెద్దల్ని నలుగురిని ఇంటికి పిలిచింది. టీ పోసింది. వాళ్లు రెండో గుక్క మింగేలోపే విషయం చెప్పేసింది.

"మూడు శీతాకాలాలు ఓర్చుకున్నాను. ఇంక నా వల్ల కాదు. ఇంకొక్క సీసా, ఒకే ఒక్క సీసా నా కంట పడిందంటే నౌరూజ్ పండగ నాడు తలాస్‌లో కూతురింటికి బయల్దేరతాను. చుట్టపుచూపుగా కాదు, చెబుతున్నా."

చెప్పి ఊరుకోలేదు. తల్లి ఇచ్చిన ఎర్రపూల శాలువా పరిచి, అందులో తన బట్టలూ దువ్వెనా టీ గిన్నే పెట్టి మూట కట్టి, గోడవార బొంతల దొంతర మీద అందరికీ కనబడేలా పెట్టింది. అక్కణ్ణించి ఆ మూట ఇంట్లో మూడో మనిషిలా కూర్చుని ఎసెన్‌కుల్ ప్రతి అడుగునూ గమనిస్తోంది.

ఎసెన్‌కుల్ బల్ల మీది రొట్టె రెండు చేతుల్లోకి తీసుకుని, తలకు తాకించుకుని అన్నాడు: "ఈ ఇంట్లో గాని, ఈ దొడ్లో గాని, ఈ కంచె లోపల ఎక్కడ గాని సీసా ఉందంటే, ఈ రొట్టె నన్ను కొట్టాలి."

పెద్దలు గడ్డాలు నిమురుకున్నారు. రొట్టె మీద అబద్ధమాడి బాగుపడినవాణ్ణి ఆ లోయలో ఎవరూ ఎరగరు. ఇతను ఆడింది అబద్ధం కాదు కూడా. సీసాలు మూడూ కంచెకు అవతలే ఉన్నాయి. ఒకటి కాలువ గట్టున చెట్టు తొర్రలో, ఒకటి మసీదు వెనక పిడకల గుట్టలో, ఒకటి కంచె బయట రోడ్డువార మూడేళ్లుగా కదలకుండా పడివున్న తన లారీ పనిముట్ల పెట్టెలో. "ఆడవాళ్ల చూపు కంచె దాకానే వస్తుంది తమ్ముడూ" అని ఈ మూడు చోట్లూ అతనికి నేర్పినవాడు ఒర్మోష్ అన్న. ఒకే లారీలో ఇరవై రెండేళ్లు పక్కపక్కన కూర్చున్న మనిషి.

ఆ ఒర్మోష్ లేడు. మూడేళ్ల కిందట ఆక్-బెల్ కనుమలో, చక్రాలకు గొలుసులు చుడదామని కిందికి దిగినప్పుడు కొండ మీది మంచు విరుచుకుపడింది. ఆయన బయట, ఎసెన్‌కుల్ లోపల. తవ్వి తీసినవాళ్లకు ఎసెన్‌కుల్ ఒకే మాట చెప్పాడు, "క్షణంలో పోయాడు, నొప్పి తెలియలేదు" అని. ఒర్మోష్ భార్య బుర్మాకాన్‌కూ అదే చెప్పాడు. చెప్పేటప్పుడు ఆమె చెప్పుల వైపు చూశాడు. ఆ తరవాత ఆమె ముఖం చూడలేదు, ఆమె వచ్చి తలుపు తట్టినా తీయలేదు.

తలుపు తట్టడమంటేనే అతనికి పడదు. అసలు బాధ అక్కడే ఉంది. ఏ చప్పుడూ లేనప్పుడు అతని చెవిలో ఒక చప్పుడు మొదలవుతుంది. టక్, టక్, టక్. ఆగుతుంది. మళ్లీ టక్, టక్, టక్. ఒక గ్లాసు పడితే అది దూరం పోతుంది. రెండో గ్లాసుకు కనుమ దాటుతుంది. అందుకే తాగుతాడు గాని, వోడ్కా రుచికి కాదు. వోడ్కా రుచి గురించి అడిగితే లారీ రేడియేటర్‌లో నీళ్లే నయమంటాడు.

ఇప్పుడు ఆ మందు స్థానంలో రొట్టె వచ్చి కూర్చుంది.

'మాటలో మెలిక పెట్టి తప్పించుకున్నానని రొట్టెకు తెలిసిపోయింది' అనుకున్నాడు ఎసెన్‌కుల్. 'వెతుక్కుంటూ బయల్దేరింది.'

అయినా మనిషి కదా, కాసేపటికి బుద్ధి తిరిగొచ్చింది. రొట్టెకు కాళ్లుండవు, ఇది ఎవరో చేసిన పనే. ఎవరు?

మొదటి అనుమానం అనార్ మీదే. సీసాలన్నీ ఒక్కొక్కటే పోగుచేసి, నౌరూజ్ నాడు పెద్దల ముందు వరసగా నిలబెట్టి మూట భుజాన వేసుకుంటుంది కాబోలు. ఆ పూట అన్నం తింటూ ఆమె ముఖం వైపు ఓరగా చూశాడు. ఆమె కూడా ఓరగా చూస్తోంది.

"ఏంటలా చూస్తున్నావ్?" అన్నాడు.

"నువ్వెందుకు చూస్తున్నావో చూస్తున్నా."

అడుగుదామంటే ఏమని అడగాలి? 'నా సీసా తీశావా' అంటే సీసా ఉన్నట్టు ఒప్పుకున్నట్టే. నోరు మూసుకుని టీ తాగాడు.

రెండో అనుమానం సాగిన్ మీద. గేటు దగ్గరే పట్టుకున్నాడు.

"ఏరా సాగిన్, పొద్దున నీ గాడిద కాలువ గట్టున ఏం చేస్తోంది?"

"గడ్డి మేస్తోందన్నా. నిన్నేమైనా అందా?"

"ఇంత మంచులో గడ్డెక్కడిదిరా?"

"అందుకే కదా పాపం, అంతసేపు నిలబడింది."

సాగిన్ నవ్వాడు. ఎసెన్‌కుల్‌కు ఆ నవ్వూ అనుమానంగానే తోచింది. పళ్లన్నీ బయటపెట్టి నవ్వేవాడి కడుపులో ఏముంటుందో ఎవరు చూడొచ్చారు?

ఇంకొకరి పేరు కూడా ఆ వరసలోకి రావాలి. కాలువ గట్టుకు అందరికంటే దగ్గర ఇల్లు ఆవిడదే. కాని ఆ పేరు దాకా రాగానే ఎసెన్‌కుల్ ఆలోచన, గుంట చూసిన గుర్రంలా పక్కకు తిరిగిపోయేది.

మరి రొట్టెను ఏం చేయాలి? తినడానికి భయం. పారేయడానికి వీల్లేదు, రొట్టెను నేల మీద పడేసే చెయ్యి అక్కడ పుట్టలేదు. కుక్కకు వేయడమూ తప్పే. ఇంట్లోకి తీసుకెళ్తే అనార్ అడుగుతుంది. చివరికి మూడేళ్లుగా సీసాలు దాచిన మనిషి, అంతే జాగ్రత్తగా, అన్ని వైపులా చూసుకుని, ఆ రొట్టెను కొట్టంలో గుర్రం దాణా బస్తాలో దాచాడు.

మరుసటి వారం పిడకల గుట్ట చుట్టూ పిండి చల్లాడు. దొంగ అడుగులు పడాలని. పడ్డాయి కూడా. ఎన్ని జతలు పడ్డాయంటే, ఆ దారిన సైన్యం నడిచిందా అనిపించింది. గురువారం కదా. చనిపోయినవాళ్ల పేరున ఇంటింటా నూనె కాచి, ఆ వాసన వాళ్లకు చేరాలని రొట్టెలు వేసి, ఏడిళ్లకు పంచే రోజు. ఊళ్లో ఆడవాళ్లందరూ కొంగు కింద రొట్టెలు పెట్టుకుని అటూ ఇటూ నడుస్తూనే ఉంటారు. మిగిలిన పిండిని ఇమాంగారి కోళ్లు తినేశాయి. కోళ్లను కూడా ఒక్కొక్కదాన్నీ పరీక్షగా చూశాడు ఎసెన్‌కుల్.

గుట్టలో చెయ్యి పెడితే సీసా లేదు. వెచ్చటి రొట్టె ఉంది, అదే తెల్లగుడ్డలో.

రెండో రొట్టె మొదటిదాని పక్కనే దాణాలోకి వెళ్లింది. కొత్త సీసా కొనడానికి ధైర్యం చాలలేదు. కొంటే దాన్నీ తినేస్తుందేమో రొట్టె. లారీ పెట్టెలో ఉన్న ఆఖరి సీసాలోంచి రోజూ ఒక గుక్క తాగుతూ, సగానికి వచ్చేసరికి భయపడి అదీ మానేశాడు. మానిన మూడో రోజుకే చెవిలో చప్పుడు ఇంటి కప్పు మీద గొడ్డలి పడ్డట్టు మొదలైంది. అన్నం సయించలేదు. చేతులు వణికితే వణుకు కనబడకుండా జేబుల్లో పెట్టుకుని తిరిగాడు.

బుధవారం సాయంత్రం అనార్ కొట్టంలోంచి గబగబా వచ్చింది. రెండు చేతుల్లోనూ రెండు రొట్టెలు.

"ఏమయ్యా పెద్దమనిషీ, గుర్రానికి నూనె రొట్టెలు పెడుతున్నావా? పెళ్లిగాని కుదిరిందా దానికి?"

ఎసెన్‌కుల్ తల గోక్కున్నాడు. "అవి... దార్లో దొరికాయి."

"దొరికాయా! గుడ్డలో చుట్టుకుని మరీ దొరికాయా? మా పుట్టింటి వైపు రొట్టెలు పొయ్యి మీదే దొరుకుతాయి. మీ ఊళ్లో దార్లో కాస్తాయన్నమాట."

"కింద పడెయ్యకూడదని దాచాను, అంతే."

"పడెయ్యకు, పడెయ్యకు. ఏ మహాతల్లి వేసి పంపుతోందో పేరు చెప్పు. ఈసారి నూనె నేను పంపిస్తాను."

"అనార్, నువ్వు అనుకుంటున్నది కాదు."

"నేనేం అనుకుంటున్నానో నీకెలా తెలుసు?"

ఆమె నేరుగా వెళ్లి మూట మీద ఇంకో ముడి వేసింది. ఆ ముడి బిగిసిన చప్పుడు ఎసెన్‌కుల్‌కు తన మెడ దగ్గర వినబడింది. ఇన్నాళ్లూ తాగుతాడన్న అనుమానం. ఇప్పుడు ఇంకోటి చేరింది. నౌరూజ్ ఎనిమిది రోజుల్లోకి వచ్చింది. దొంగను పట్టుకుని అనార్ ముందు నిలబెడితే తప్ప ఆ మూట గడప దాటిపోతుంది.

గురువారం పొద్దున్నే లారీ దగ్గరికి వెళ్లాడు. మిగిలిన సగం సీసాను పెట్టెలోనే ఎరగా ఉంచాడు. ఇక కాపలా ఎక్కడ కాయాలి? చుట్టూ తెల్లటి మంచు, నక్కడానికి చెట్టయినా లేదు. ఉన్నది ఒక్కటే చోటు, లారీ లోపలే. మంచులోంచి లాగి తెచ్చి ఇక్కడ పడేసిన రోజు నుంచీ ఆ తలుపు అతను తెరవలేదు. డ్రైవరు సీటు ఇప్పటికీ అతని ఒంటి ఆకారంలోనే గుంట పడి ఉంది.

తలుపు ముందు ఎంతసేపు నిలబడ్డాడో, అతని మీసాలకు మంచు పట్టింది. చివరికి కళ్లు మూసుకుని ఎక్కి కూర్చున్నాడు. తలుపు వేసుకున్నాడు. గొర్రెతోలు కోటు తల మీదికి లాక్కున్నాడు. లోపల పాత బొగ్గు వాసన. పక్క సీటు ఖాళీగా ఉంది. అటు చూడలేదు.

వోడ్కా లేదు. నోట్లోకి ఏదో ఒకటి పోతే గాని కూర్చోలేననిపించింది. కోటు జేబులో రొట్టెల్లో ఒకటి ఉంది. దొంగ దొరికితే పక్కన పెట్టి పోల్చి చూపిద్దామని తెచ్చాడు. కొడితే కొట్టనీ అనుకుని ఓ ముక్క విరిచి నోట్లో పెట్టుకున్నాడు.

నమిలాడు. నమలడం ఆపేశాడు.

ఊళ్లో అందరూ గింజల నూనెలో వేస్తారు రొట్టె. ఇది గొర్రె తోక కొవ్వులో వేసింది. పిండిలో చిటికెడు ఉప్పు ఎక్కువ. ఇరవై రెండేళ్లు ఈ రొట్టె ఇదే లారీలో, ఇదే సీట్ల మధ్య, ఇలాంటి గుడ్డలోనే ఉండేది. ఒర్మోష్ అన్న దాన్ని ఇంజను మీద వెచ్చబెట్టి, పెద్ద ముక్క తమ్ముడికిచ్చి, చిన్న ముక్క తాను తీసుకుని, "మీ వదినకి చేతిలో ఉప్పు ఎక్కువ, నోట్లో కారం ఎక్కువ" అనేవాడు. ఆ రోజు కనుమలోనూ ఈ రొట్టే ఉంది.

ఎసెన్‌కుల్ తల తిప్పి ఖాళీ సీటు వైపు చూశాడు. సరిగ్గా అప్పుడే మొదలైంది.

టక్. టక్. టక్.

చెవిలో కాదు. లారీ ఇనుము మీద, అతని సీటు కింద, బయటినుంచి.

ఆగింది. మళ్లీ. టక్, టక్, టక్.

ఒళ్లంతా చెమట పట్టింది. బయట వసంతపు ఎండ మెరుస్తున్నా అతని కళ్లకు కిటికీ నిండా మంచే కనబడింది. 'తెరుచుకోదు' అనుకున్నాడు. 'తలుపు తెరుచుకోదు. అప్పుడూ తెరుచుకోలేదు.' భుజం మాత్రం తలుపు మీద పడింది. మూడేళ్ల కిందట పడ్డట్టే, ఉన్న బలమంతా పెట్టి.

తలుపు హాయిగా తెరుచుకుంది. తోసిన తోపుకు ఎసెన్‌కుల్ బయటికి వచ్చి మంచులో బోర్లా పడ్డాడు.

తలెత్తి చూస్తే, చేత్తో రాయి పట్టుకుని, చంకలో తెల్లగుడ్డ మూట పెట్టుకుని బుర్మాకాన్ నిలబడి ఉంది. తుప్పు పట్టిన పనిముట్ల పెట్టె మూతను రాయితో కొట్టి తెరుస్తోంది.

"అమ్మో, చచ్చాను! దయ్యమనుకున్నా కదా మరిదీ!" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఈ మూతకి కాస్త గ్రీజు రాయవేం? మీ అన్న ఉన్నప్పుడు వేలితో తెరుచుకునేది."

ఎసెన్‌కుల్ మంచులోనే కూర్చుండిపోయాడు. "నువ్వా వదినా? రెండు వారాలుగా నా ప్రాణం తీస్తున్నది నువ్వా?"

"ప్రాణం తీయలేదు, సీసాలు తీశాను. తేడా తెలియనంతగా తాగావా?"

"ఈ చోట్లు నీకెలా తెలుసు?"

"ఎలా తెలుసా! మీ అన్న దాచిన సీసాల్ని ఈ మూడు చోట్ల నుంచే పదిహేనేళ్లు తీసి పారబోశాను. మగవాళ్లు కొత్త చోటు కనిపెట్టడం నేనింతవరకూ చూడలేదు."

"మరి రొట్టె ఎందుకు పెట్టావమ్మా? రొట్టె నన్ను తరుముకొస్తోందని..." మిగతాది మింగేశాడు.

బుర్మాకాన్ చంకలో మూట సవరించుకుంది. "గురువారం గురువారం ఆయన పేరున ఏడు వేస్తాను. ఆరిళ్లవాళ్లు తీసుకుంటారు. ఏడోది నీది, మొదటి వారం నుంచీ నీదే. తడితే తలుపు తీయవు. ఎక్కడ పెడితే నీ చెయ్యి తప్పకుండా పడుతుందా అని ఆలోచించాను. ఊరికే తీసుకుపోతే దొంగతనం కూడా కదా. ఒకటి తీసి ఒకటి పెట్టాను."

"సీసాలు పారబోశావా?"

"పారబోద్దామనే తీశాను."

"పారబోశావా లేదా?"

"మొదటిది సగం పారబోశాను."

"తక్కిన సగం?"

ఆమె మూత వైపు తిరిగి మళ్లీ రాయి ఎత్తింది. ఎసెన్‌కుల్ లేచి దగ్గరికి వచ్చాడు. రాయి పట్టుకున్న ఆ చెయ్యి వణుకుతోంది. చలికి వణికే వణుకు కాదది. ఆ వణుకు అతనికి బాగా తెలుసు, అలాంటిదే ఇప్పుడు తన జేబుల్లో ఉంది. ఆమె రాయి కింద పడేసి, చేతిని కొంగు కింద దాచింది. అచ్చం అతను దాచినట్టే.

ఎసెన్‌కుల్ తన చేతులు రెండూ జేబుల్లోంచి తీసి ఆమెకు కనబడేలా పట్టుకున్నాడు.

"ఇన్నాళ్లూ దూరపు సంతలో తెచ్చుకున్నాను, ఈ చలికి దారి మూసుకుపోయింది. ఇక్కడి కొట్లో అడగలేను కదా" అంది మెల్లగా. "ఒర్మోష్ పెళ్లాం సీసా కొందని సాయంత్రానికి నాలుగూళ్లకు పాకుతుంది. నీదైతే నువ్వెవరికీ చెప్పుకోలేవు."

"ఎప్పట్నుంచి వదినా?"

"ఆయనకి స్నానం చేయించినవాళ్లు చెప్పినప్పట్నుంచి. పిడికిట్లో పానా ఉందట. వేళ్లు విడదీయలేకపోయారట. క్షణంలో పోయినవాడు పానా ఎందుకు పట్టుకుంటాడు?" ఆమె మొదటిసారి అతని కళ్లలోకి చూసింది. "మూడేళ్లుగా నిన్ను అనుమానిస్తున్నాను మరిదీ. ఆయన్ని వదిలేసి పోయావని ఒక రోజు అనుకుంటాను. కాదులే అని ఇంకో రోజు అనుకుంటాను. రెండు రోజులూ తాగుతాను."

ఎసెన్‌కుల్ లారీ మెట్టు మీద కూలబడ్డాడు. మూడేళ్లుగా నోట్లో పెట్టుకుని తిరుగుతున్న రాయిని బయటికి తీయడానికి అతనికి చాలాసేపు పట్టింది.

"కొట్టాడు వదినా. పానాతో, ఇదిగో ఇక్కడ, నా సీటు కింద. మూడు దెబ్బలు కొట్టి ఆగేవాడు. నేను లోపల్నుంచి మూడు కొట్టేవాణ్ణి. తలుపు తోశాను, భుజం ఎముక జరిగింది. అద్దం పగలగొట్టాను, మంచు లోపలికొచ్చి రాయిలా బిగుసుకుపోయింది. ఎంతసేపని అడక్కు, గడియారం చూడబుద్ధి కాలేదు. చాలాసేపు. తరవాత మూడు కాస్తా రెండయ్యాయి. తరవాత ఒకటి. ఆ తరవాత నేనే కొడుతూ కూర్చున్నాను, వాళ్లొచ్చి తవ్వేదాకా."

బుర్మాకాన్ వంగి ఆ సీటు కింది ఇనుము మీద అరచెయ్యి పెట్టింది.

"ఇంకోటి ఉంది. నీ రొట్టె తిన్నాను. ఆయన వంతు కూడా తిన్నాను. ఆగిపోయాక. ఆకలేసింది వదినా. అలాంటప్పుడు కూడా ఆకలేసింది." అతను ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

కాలువ మీద మంచు ఎక్కడో చిటుక్కుమంది.

"ఆయన కొట్టిన ప్రతిసారీ నువ్వు కొట్టావా?" అని అడిగింది బుర్మాకాన్.

"ప్రతిసారీ."

"వినబడి ఉంటుందా ఆయనకి?"

"వినబడింది. నేను నాలుగు కొడితే నాలుగు కొట్టాడు ఒకసారి. పరాచికానికి."

బుర్మాకాన్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "ఆయనే" అంది. "ఆయనే. మంచు కింద కూడా పరాచికమే." ఆ తరవాత అతని నెత్తి మీద ఒక్కటి మొట్టింది. "తోడు లేకుండా పోయాడని మూడేళ్లు ఏడ్చాను కదరా దొంగసచ్చినోడా! ఈ మాట కడుపులో పెట్టుకుని నా రొట్టెకి తలుపు తీయలేదా?"

"బాగుంది" అని ఇంకో గొంతు వినిపించింది.

అనార్. వెనక చక్రం పక్కన నిలబడి ఉంది, చేతిలో పొయ్యి పట్టకారుతో. రొట్టెల మహాతల్లిని పట్టుకుందామని అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో ఎవరికీ తెలియదు. కాని ఆమె బుగ్గలు తడిసి ఉన్నాయి, పట్టకారు నేల వైపు వేలాడుతోంది.

"నాకెందుకు చెప్పలేదు?" అంది మొగుడితో.

"చెబితే నీకూ వినబడుతుంది. ఇంట్లో ఒకరికి వినబడితే చాలనుకున్నాను."

అనార్ చూపు పెట్టెలోకి పోయింది. తెరుచుకున్న మూత కింద సగం సీసా ఎండకు మెరుస్తోంది. ఒకే ఒక్క సీసా, కంట పడితే చాలు. ఆమె మాట ఇచ్చిందంటే ఇచ్చిందే, ఆ విషయంలో ఆమె రొట్టెకంటే గట్టిది.

"కంచె అవతల!" అంది అనార్ పళ్లు కొరుకుతూ. "పెద్దల ముందు అంత గంభీరంగా... కంచె అవతల!"

"రొట్టె కొట్టింది కదమ్మా, ఇంక నువ్వు కొట్టకు" అంది బుర్మాకాన్. చప్పున పెట్టెలోకి వంగి సీసా తీసి చంకలో పెట్టుకుని, దాని స్థానంలో తెల్లగుడ్డ మూట పెట్టింది. "ఇది నాది. రొట్టె ఇచ్చి తీసుకున్నాను."

అనార్ ఆమె ముఖం వైపు చూసింది. ఆ వణికే చేతుల్ని కూడా చూసింది.

"నీదైతే నా కంట పడనట్టే అక్కా" అంది చివరికి. "కాని నీదైనా నీకొద్దు."

అలా ఆ సీసా ఎవరిదీ కాకుండా పోయింది. పారబోయడానికి ఎసెన్‌కుల్‌కు మనసొప్పలేదు. ముగ్గురూ కలిసి దాన్ని లారీ రేడియేటర్‌లో పోశారు. మూడేళ్లుగా ఉలకని పలకని ఆ లారీ అప్పుడు రెండుసార్లు వెక్కిందనీ, హారన్ తనంతట తానే మోగిందనీ, ఇమాంగారి కోళ్లు ఆ రోజంతా వంకరగా నడిచాయనీ ఎసెన్‌కుల్ చెప్పే మాట. బుర్మాకాన్ వెక్కడం వరకు ఒప్పుకుంటుంది.

నౌరూజ్ వచ్చింది. మూట పోలేదు. విప్పుకోనూ లేదు. దొంతర మీదే కూర్చుని చూస్తూనే ఉంది. చెవిలో చప్పుడూ పోలేదు. కాకపోతే ఇప్పుడు అది మొదలైనప్పుడు ఎసెన్‌కుల్ వేళ్లు బల్ల మీద వాటంతటవే టక్, టక్, టక్ మంటాయి. పొయ్యి దగ్గరున్న అనార్ తలెత్తకుండానే గరిటెతో కెటిల్ మీద మూడు కొడుతుంది. ఒక్కోసారి నాలుగు. గురువారం వస్తే తలుపు చప్పుడవుతుంది, ఎసెన్‌కుల్ వెళ్లి తీస్తాడు. తీసేముందు ఓ క్షణం ఆగుతాడు, అది వేరే సంగతి.

మంచు కరిగి కాలువ పారడం మొదలైన రోజుల్లో, ఒక పొద్దున అతనికి చాలా కష్టమైంది. ఎందుకో తెలియదు. వేళ్లు సరిపోలేదు, గరిటె సరిపోలేదు. కాళ్లు కాలువ గట్టుకు నడిచాయి. పాత సీసా ఏదైనా మరిచిపోయానేమో, చూద్దాం, చూస్తే తప్పేముంది అనుకున్నాడు.

చెట్టు దగ్గరికి వచ్చేసరికి అటు వైపు నుంచి బుర్మాకాన్ వస్తోంది.

ఇద్దరూ ఆగిపోయారు.

"నువ్వెందుకొచ్చావ్ వదినా?"

"నువ్వెందుకొచ్చావో చూద్దామని."

"నేను గట్టు తెగిందేమోనని చూస్తున్నా."

"నేనూ అదే. పోనీ తొర్రలో చెయ్యి పెట్టు, గట్టు అందులోగాని ఉందేమో."

ఒకరి మొహం ఒకరు అనుమానంగా చూసుకున్నారు. చివరికి ఎసెన్‌కుల్ చెయ్యి పెట్టాడు. వెచ్చగా, మెత్తగా, కాస్త జిడ్డుగా తగిలింది. బుర్మాకాన్ వైపు తిరిగాడు. ఆమె అడ్డంగా తల ఊపింది. తనది కాదు, ఇవాళ గురువారమూ కాదు.

బయటికి తీశారు. రొట్టె ఒక పక్క మాడింది. ఉప్పు తక్కువనీ, గింజల నూనె అనీ బుర్మాకాన్ వాసన చూసే చెప్పేసింది. చుట్టిన గుడ్డ మాత్రం తెల్లది కాదు. ఎర్రపూల శాలువా. రెండు ముళ్లూ విప్పిన మడతలు దాని మూలల్లో ఇంకా కనబడుతున్నాయి.

ఎసెన్‌కుల్ రొట్టెను రెండుగా విరిచి, పెద్ద ముక్క వదినకిచ్చాడు.